ఎడమ సగం

"పన్నెండో నంబరు డబ్బా ఎవరు తీశారని అడుగుతున్నా!"

డ్రైవరు అలా అడగడం అది మూడోసారి. మొదటిసారి మామూలుగానే అడిగాడు. రెండోసారి గదిమాడు. మూడోసారికి ఇల్లెగిరిపోయేలా కేకేశాడు. భోజనాలయ్యాక కాస్త నడుం వాల్చిన పక్కింటివాళ్ళు కిటికీ తలుపు ధడాలున వేసుకున్నారు.

కూతురు అప్పటికే బల్ల కింద దూరి మోకాళ్ళ మీద వెతుకుతోంది. బొటనవేలంత రంగు డబ్బా కోసం ఇంత రాద్ధాంతమా అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది. పది రోజులుగా ఆ ఇంట్లో మాటలు మింగడం అందరికీ అలవాటైపోయింది.

"ఇక్కడ లేదు నాన్నా."

"లేకపోతే రెక్కలొచ్చి ఎగిరిపోయిందా? పొద్దున నా కళ్ళతో చూశాను."

"నేను పొద్దున్నించీ నా గదిలోనే ఉన్నా. రికార్డు రాసుకుంటున్నా."

"అంటే నేను తినేశానా?"

"నేనలా అన్నానా?"

"అనక్కర్లేదు. నీ మొహం చూస్తే తెలుస్తోంది. నిన్న టీవీ కట్టేశానని కక్ష పెట్టుకుని దాచావు."

వంటింట్లో గిన్నెలు సర్దుతున్న ఇల్లాలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బట్టల ఫ్యాక్టరీలో ఈవిణ్ణి అందరూ చెకింగమ్మ అంటారు. కుట్టి వచ్చిన చొక్కాల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. పదిహేడేళ్ళుగా అదే బల్ల, అదే ట్యూబ్‌లైటు, రోజుకు నాలుగొందల చొక్కాలు. ఇవాళ వారపు సెలవు గనక ఇంట్లో ఉంది. సెలవు కూడా ఒక సెలవేనా అని పొద్దున్నించీ మనసులో సణుక్కుంటూనే ఉంది.

గుమ్మంలోంచే ఆమెకు డబ్బా కనిపించింది. మరెక్కడో కాదు, బల్ల మీదే. మొగుడి ఎడమ మోచేతికి నాలుగు వేళ్ళ దూరంలో. మూత మీద నల్లటి అంకెల్లో పన్నెండు అని రాసి ఉంది.

మొదట ఆమెకు నవ్వొచ్చింది. ఆటపట్టిస్తున్నాడనుకుంది. పెళ్ళైన కొత్తలో దువ్వెన తన జేబులోనే పెట్టుకుని ఇల్లంతా వెతికించిన మనిషే కదా. ఏదో ఒకటి అందామని నోరు తెరిచి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

ఆ మొహంలో ఆట లేదు. నుదుట చెమట పట్టింది. కళ్ళు బల్లంతా గాలిస్తున్నాయి. కుడి చివర నుంచి బయల్దేరి బల్ల మధ్యదాకా వస్తున్నాయి. అక్కడ ఆగి వెనక్కి మళ్ళుతున్నాయి. మళ్ళీ కుడి చివర, మళ్ళీ మధ్య. అటు దాటడం లేదు.

చెకింగమ్మ గబగబా వచ్చి డబ్బా తీసి ఆయన కుడిచేతి పక్కన పెట్టింది.

"ఇదిగోండి."

"హమ్మయ్య. ఎక్కడ దొరికింది?"

"కింద."

బల్ల కింద నుంచి కూతురు తల బయటికి పెట్టింది. "కింద లేదమ్మా, నేనే చూ..."

"నువ్వు లే. మోకాళ్ళు మాసిపోయాయి చూడు."

కట్టుకున్నవాడికి అబద్ధం చెప్పడం ఆమెకు కొత్తేం కాదు. చీర ఖరీదు దగ్గర్నించి పుట్టింటి కబుర్ల దాకా ఎన్నో చెప్పింది. ఇలా ఎందుకు చెబుతోందో తనకే తెలియకుండా చెప్పడం మాత్రం ఇదే మొదలు.

పది రోజుల కిందటి గోడ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. ఇరవై రెండేళ్ళుగా స్కూలు బస్సు తోలుతున్న మనిషి, ఒక గీత కూడా పడకుండా తోలిన మనిషి, పిల్లలందర్నీ దింపి ఖాళీ బస్సుతో వస్తూ స్కూలు ప్రహరీని ముందు నుంచి వెనక దాకా గీరుకుంటూ పోయాడు. బస్సు ఎడమ పక్కంతా చెక్కు లేచిపోయింది. గోడ ముందుకు జరిపి కట్టారని ఆయన వాదన. నిరుడు సున్నం వేశారు తప్ప గోడనెవరూ జరపలేదని స్కూలువాళ్ళ వాదన. చివరికి రోడ్డు మీద నడిపించి చూసి, బాగుంటేనే బస్సు ఇస్తామన్నారు. ఆ టెస్టు రేపు.

అందాకా ఇంట్లో ఊరికే కూర్చుంటే నాన్న కుర్చీలతో కూడా పోట్లాడతాడని కూతురే ఈ బొమ్మ కిట్టు కొనుక్కొచ్చింది. చెక్క చట్రానికి బిగించిన గుడ్డ, దాని మీద సన్నటి గీతల్లో బొమ్మ, ఒక్కో గడిలో ఒక్కో అంకె. ముప్ఫై ఆరు రంగు డబ్బాలు. ఏ అంకె ఉన్న గడిలో ఆ అంకె డబ్బా రంగు నింపుకుంటూ పోవడమే. బుర్ర పెట్టక్కర్లేదు, ఓపిక చాలు.

ఆ పిల్లది ఎడమచేతివాటం. చిన్నప్పటి నుంచి తండ్రి పుర్రచెయ్యి అనే పిలుస్తాడు. పక్కపక్కన కూర్చుంటే మోచేతులు తగులుకుంటాయని మొదటిరోజే ఒప్పందం చేసుకున్నారు. ఎడమ సగం, కొండలూ చెట్లూ, పుర్రచేతివి. కుడి సగం, ఎర్రకప్పు ఇల్లూ పూలమొక్కలూ, నాన్నవి. సరస్సు మధ్యలో ఉన్న పడవ కోసం మాత్రం ఇద్దరూ కొట్టుకున్నంత పని చేశారు. చివరికి పడవ మొత్తం నాన్నదే అని తేలింది. ఆ తర్వాత కూతురికి పరీక్షలు దగ్గరపడి కుంచె ముట్టలేదు. నాన్న మాత్రం పొద్దున కాఫీ తాగి కూర్చుంటే సాయంత్రం దాకా లేవడం లేదు.

"ఈ కిటికీ రెక్కలు రెండూ వేస్తే అయిపోయినట్టే," అన్నాడు డ్రైవరు, పన్నెండో నంబరు మూత తీస్తూ. కోపం వచ్చినంత తొందరగానే పోయింది. "సాయంత్రానికి ఆరిపోతుంది. ఏమోయ్, ఒక మేకు చూసి పెట్టు. గోడకు తగిలిద్దాం."

"అయిపోవడమేంటి నాన్నా? నా సగం అలాగే ఉందిగా," అంది కూతురు లేచి నిలబడుతూ.

"నీ సగమా? ఎప్పుడో అయిపోయింది కదే."

"ఎగతాళి చేయకు. పరీక్షలయ్యాక వేస్తానని చెప్పాగా."

"ఎగతాళి ఎవరు చేస్తున్నారు? బొమ్మ నిండుగా ఉంది అంటున్నా. అది కూడా తప్పేనా?"

"తెల్లగుడ్డ పెట్టుకుని నిండుగా ఉందంటే ఏమనుకోవాలి?"

"తెల్లగుడ్డా?" డ్రైవరు కుంచె పక్కన పడేశాడు. "పది రోజులు నడుం పడిపోయేలా కూర్చుని వేశాను. ఒక్క గీత దాటలేదు. మెచ్చుకోవడానికి నోరు రాకపోతే మానెయ్. తెల్లగా ఉందని దెప్పుతావా?"

"నా మీద కోపముంటే తిట్టు నాన్నా. ఇలా సూదులు గుచ్చినట్టు మాట్లాడకు. నేను బద్ధకస్తురాల్ని, ఏ పనీ పూర్తి చెయ్యను, అంతేగా నీ ఉద్దేశం? అనెయ్, సూటిగా అనెయ్!"

"నేనెప్పుడన్నానే ఆ మాట?"

"అనక్కర్లేదు. నీ మొహం చూస్తే తెలుస్తోంది!"

తండ్రి మాట తండ్రికే అప్పజెప్పి, కళ్ళు తుడుచుకుంటూ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఎవరి బిడ్డ మరి!

"చూశావా దాని పొగరు?" అన్నాడు డ్రైవరు.

చెకింగమ్మ బొమ్మ వైపే చూస్తోంది.

కుడి సగం ముచ్చటగా ఉంది. ఇల్లు, కప్పు, పూలు, నీళ్ళలో ఇంటి నీడ, అన్నీ గీత దాటకుండా నిండాయి. ఎడమ సగం తెల్లగా ఉంది. అది కూతురి వాటా గనక ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. ఆమె చూస్తున్నది మధ్యలో ఉన్న పడవను. పడవ మొత్తం నాన్నదే కదా. ఆ పడవకు కుడి సగమే రంగుంది. పడవ పక్కచెక్క అంతా ఒకటే గడి, ఒకటే అంకె. ఆ ఒక్క గడిలో కూడా సగం దాకా రంగు వచ్చి నిలువుగా ఆగిపోయింది. గడి మధ్యలో ఉన్న అంకె కూడా కుడి సగమే రంగు కింద మునిగింది.

ఫ్యాక్టరీలో చొక్కా చేతికి రాగానే ఆమె చేసే మొదటి పని, వీపు నడిమి నుంచి మడిచి ఎడమ సగాన్ని కుడి సగం మీద వేయడం. కాలరు కాలరు మీద, భుజం భుజం మీద కూర్చోవాలి. కూర్చోకపోతే ఎంత అందమైన చొక్కా అయినా వెనక్కే. ఆ పని ఆమె ఇంట్లో ఎప్పుడూ చేయలేదు. మొగుణ్ణి మడిచి చూడాలని ఎవరికి తోస్తుంది?

ఇప్పుడు తోచింది. టీ ఇవ్వలేదని మొన్న ఆయన రంకెలేస్తే, ఎడమ పక్క చల్లారిపోయి ఉన్న కప్పు చూపించి తనూ నాలుగు అంటించింది. రోజుకు రెండుసార్లు గుమ్మానికి ఎడమ భుజం కొట్టుకుని ఇల్లు కట్టిన మేస్త్రీని తిట్టుకుంటున్నాడు. నిన్న కంచంలో ఓ పక్క అన్నం అలాగే వదిలేసి లేస్తే, వంట బాగాలేదని అలిగాడనుకుని తనూ అలిగింది. అన్నిటికీ ఒక్కో కారణం తనే వెతికి పెట్టింది. రోజుకు నాలుగొందల చొక్కాల్లో తప్పులు పట్టే మనిషి!

"కుంచెలు కడుక్కోండి. రంగు ఎండిపోతే పాడైపోతాయి," అంది.

"కిటికీ రెక్కలు వేశాక కడుగుతాలే."

"రెండు నిమిషాలు. నేను ఈలోగా బల్ల తుడుస్తా."

ఆయన గొణుక్కుంటూ కుంచెలు పట్టుకుని స్నానాలగదిలోకి వెళ్ళాడు. కుళాయి తిప్పిన చప్పుడైంది.

ఆమె చట్రం రెండంచులూ పట్టుకుని బొమ్మను తలకిందులుగా తిప్పి పెట్టింది. ఇందాకటి ఎడమ సగం ఇప్పుడు కుడికి వచ్చింది. రంగు నిండిన సగం ఎడమకు పోయింది.

కూతురు తలుపు ఓరగా తెరిచింది. "ఏం చేస్తున్నావమ్మా?"

"ష్. ఇలా వచ్చి నా వెనక నిలబడు. నాన్న ఏమన్నా నువ్వు మాట్లాడకు."

"ఏమైందమ్మా?"

"మాట్లాడకు అన్నానా!"

డ్రైవరు తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు. ఎడమ భుజం గుమ్మానికి తగిలింది. మేస్త్రీని ఒక మాట తిట్టాడు. కుర్చీ లాక్కుని కూర్చుని బొమ్మ వైపు చూశాడు.

"తలకిందులుగా పెట్టావేంటి?"

"తుడుస్తూ తిప్పాను లెండి."

ఆయన కుంచె ముంచాడు. చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఇదేంటి? ఇదంతా తెల్లగా ఉందేంటి?"

ఆయన చట్రం అంచు తడిమి చూశాడు.

"ఇది నా బొమ్మ కాదు."

"మీ బొమ్మేనండి."

"నాదైతే ఇల్లేది?" ఆయన ముందుకు వంగాడు. "ఎర్రకప్పు ఇల్లు, ఆరు రోజులు చచ్చీ చెడీ వేశాను, అదేది? పూలేవి? పడవ మీద గీతలు గీతలుగా వేశానే, అదేది?" గొంతు తగ్గుతూ వచ్చింది. అరిచేటప్పటి కంటే అలా తగ్గినప్పుడే వినడానికి భయంగా ఉంది. "నేను వేసిందంతా ఎవరు చెరిపేశారే?"

కూతురు రెండు చేతులతో నోరు మూసుకుంది.

చెకింగమ్మ ఆయన ముందుకు వచ్చి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఒక చెంప నున్నగా తగిలింది. రెండో చెంప గరుకుగా ఉంది. పొద్దున అరగంట అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకున్న మనిషి ఎడమ చెంప ముట్టుకోనేలేదు. అది కూడా ఆమె చూసింది. బ్లేడు మొద్దుబారిందనుకుంది.

"మెడ ఇటు తిప్పండి," అని ఆయన తలను మెల్లగా ఎడమకు తిప్పింది. "ఇంకొంచెం. ఇప్పుడు చూడండి."

డ్రైవరు చూశాడు. ఎర్రకప్పు ఇల్లు తలకిందులుగా అక్కడే ఉంది.

"ఇక్కడే ఉందా?"

"ఇక్కడే ఉంది. ఎక్కడికీ పోలేదు."

ఆయన తల నేరుగా పెట్టాడు. ఎడమకు తిప్పాడు. మళ్ళీ నేరుగా పెట్టాడు. నాలుగుసార్లు అలా చేశాడు. చిన్నపిల్లాడు దాగుడుమూతలు ఆడుతున్నట్టు ఓసారి నవ్వు కూడా నవ్వాడు. ఐదోసారి తిప్పబోయి ఆగిపోయాడు. తిప్పడానికి భయం వేసింది.

పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. కుంచె మీది రంగు బల్ల మీద రెండు చుక్కలుగా పడింది. ఇంకొకప్పుడైతే చెకింగమ్మ చీర కొంగుతోనైనా తుడిచేసేది.

"లేవండి," అంది చివరికి. "పెద్దాసుపత్రికి పోదాం. ఇప్పుడే."

"ఇప్పుడెలా? రేపు టెస్టు ఉంది."

"టెస్టా!"

"అరవకు. పక్కింటివాళ్ళు వింటారు." ఇంతసేపూ వీధి వినేలా అరిచిన మనిషికి ఇప్పుడు పక్కింటివాళ్ళు గుర్తొచ్చారు. "తల తిప్పితే కనిపిస్తోందిగా. తిప్పుతాను. తెలియక ఇన్నాళ్ళూ తిప్పలేదు, అంతే. తెలిశాక ఇంక భయమేముంది? అద్దాలున్నాయి, హారనుంది..."

"పిల్లలు బస్సు ఎక్కేది ఎటు నుంచండీ?"

డ్రైవరు చేతిలోని కుంచెను బల్ల మీద పెట్టాడు.

"ఇరవై రెండేళ్ళ నుంచి తోలుతున్నారుగా. తలుపు ఎటు పక్క ఉంది?"

"ఎడమ పక్క."

"దిగాక నీళ్ళసీసా చక్రం కిందికి దొర్లిపోతే, దాన్ని తీసుకోవడానికి వంగేది ఎటు పక్క?"

"చాలు, ఆపు."

"ఆపను. మన పుర్రచెయ్యి కూడా ఆ బస్సులోనే తిరిగింది. నాలుగేళ్ళప్పుడు బూటు ఊడిపోతే టైరు పక్కన కూర్చుని తొడుక్కుంది. అద్దంలో చూసి మీరే ఆపారు. ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు ఆ రోజు. ఇప్పుడు ఎవరు చూస్తారు ఆ పిల్లల్ని?"

ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుండిపోయాడు.

"ఆ పిల్లలు నన్ను పేరు పెట్టి పిలవరు, తెలుసా?" అన్నాడు. "బస్సు మామయ్య అంటారు. బజారులో కనిపించినా బస్సు మామయ్యే. బస్సు లేకపోతే నేనెవర్ని? జీవితాంతం ఈ రంగు డబ్బాల ముందు కూర్చోబెడతావా నన్ను?"

"బతికుంటే చాలు, ఎక్కడ కూర్చున్నా ఫర్వాలేదు!" అని ఏడ్చేసింది చెకింగమ్మ. "నాకు భయంగా ఉందండీ. మీ తలలో ఏదో అయింది. గోడ గీరుకున్న రోజు పొద్దున తల పగిలిపోతోందని మంచం మీద కూర్చుండిపోయారే, అప్పుడే అయింది. కాసేపు మాట కూడా తడబడింది. ఫ్యాక్టరీకి ఆలస్యమవుతుందని నేను ఒక మాత్ర చేతిలో పెట్టి పంపించాను. నేనే పంపించాను!"

"నాన్నా, ఆటో పిలుచుకొస్తా," అంది కూతురు. కోపం ఎప్పుడు పోయిందో దానికే తెలియదు. "నా రికార్డు తర్వాత రాసుకుంటా. పద నాన్నా."

"రేపు ఒక్కరోజు ఆగండే. టెస్టు కానీండి. ఎల్లుండి నేనే..."

వీధిలో టాక్సీ ఆగిన చప్పుడైంది. గేటు కిర్రుమంది.

వచ్చినవాడు స్కూలు బస్సుల సూపర్‌వైజరు. ఒకప్పుడు డ్రైవరుతో కలిసి పక్క బస్సు తోలినవాడే. ఉద్యోగం పెరిగాక పొట్టా పెరిగింది గానీ స్నేహం తరగలేదు. గుమ్మం దగ్గర బూట్లు విడిచి, లోపలికి రాకముందే మాట మొదలెట్టాడు.

"ఒరేయ్, నీ పంట పండింది! టెస్టూ లేదు గిస్టూ లేదు. లేచి చొక్కా తొడుక్కో."

"ఏమైందిరా?"

"ఇద్దరు డ్రైవర్లు జ్వరమని ఒకేసారి పడుకున్నారు. మూడున్నరకి బెల్లు. నాలుగో రూటు పిల్లలు నలభై రెండు మంది గేటు దగ్గర నిలబడతారు. ప్రిన్సిపాల్ మేడమ్ నా ప్రాణం తోడేస్తోంది. నీ పేరు చెప్పాను. టెస్టు నేనే చేశానని రాసి సంతకం పెట్టేస్తాలే. నీకు టెస్టేంట్రా, నాకు గేర్లు నేర్పినవాడివి!"

డ్రైవరు మొహం వెలిగిపోయింది. ఆయన లేచి కొక్కేనికి తగిలించిన యూనిఫారం చొక్కా అందుకున్నాడు.

"ఆయన రారు అన్నయ్యా," అంది చెకింగమ్మ.

"అదేంటి చెల్లెమ్మా?"

"ఆయనకు ఎడమ పక్క కనపడట్లేదు."

సూపర్‌వైజరు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. డ్రైవరు గట్టిగా నవ్వాడు. అంత గట్టిగా నవ్వాల్సినంత హాస్యం అక్కడేం లేదు.

"ఆడవాళ్ళ భయంరా. బొమ్మలో కొంచెం రంగు వేయడం మర్చిపోయానని పొద్దున్నించీ ఒకటే రభస."

"మర్చిపోవడం కాదు. నమ్మకపోతే ఆ బొమ్మ చూడండి. పడవ చూడండి. సగం పడవ!"

"బొమ్మలు వేయడం రాకపోతే కళ్ళు పోయినట్టేనా చెల్లెమ్మా? ఆ లెక్కన నేను పుట్టుగుడ్డిని." సూపర్‌వైజరు తన జోకుకు తనే నవ్వి, అయినా ఎందుకైనా మంచిదని డ్రైవరు ఎదురుగా నిలబడి చెయ్యి ఎత్తాడు. "ఇవెన్నిరా?"

డ్రైవరు తల కాస్త ఎడమకు తిప్పాడు. అందరూ తిప్పేటంతే తిప్పాడు.

"మూడు."

"ఇప్పుడు?"

"ఒకటి. నీ గోరు కింద మట్టుంది, అది కూడా చెప్పమంటావా?"

"చూశావా చెల్లెమ్మా? ఊరికే బెంగ పెట్టుకుంటున్నావు. గోడ గీరుకున్న దగ్గర్నించి నీ మనసు బాగాలేదు. సహజమే."

చెకింగమ్మకు అర్థమైంది. నేర్చుకున్నాడు. అరగంట కూడా కాలేదు, తల ఎంత తిప్పాలో, ఎవరికీ అనుమానం రాకుండా ఎలా తిప్పాలో నేర్చేసుకున్నాడు. మంచి డ్రైవరు కదా మరి. నలభై రెండు మంది పిల్లలు. అందులో ఒక్కరు, ఒకే ఒక్కరు వంగితే?

"కూర్చో, రెండు నిమిషాల్లో తయారవుతా," అన్నాడు డ్రైవరు. గది మధ్యలో నిలబడి గుండీలు పెట్టుకుంటున్నాడు. చొక్కా కాలరు ఎడమ పక్క లోపలికి మడిచిపోయి ఉంది. చెకింగమ్మ కళ్ళకు అదే కనిపిస్తోంది.

సూపర్‌వైజరు కూర్చోలేదు. ఆయనకూ మనసులో ఎక్కడో పీకుతున్నట్టుంది. వట్టి కాళ్ళతో చప్పుడు లేకుండా నడిచి బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆ బల్ల డ్రైవరుకు ఎడమ పక్క ఉంది. వంగి బొమ్మను తనకు నిటారుగా కనిపించేలా తిప్పుకున్నాడు. పడవ మీద వేలు పెట్టి, రంగు ఆగిపోయిన చోట ఆపాడు. ఆ వేలు అక్కడే ఉండిపోయింది.

బయట టాక్సీ స్టార్టయింది. సందులో బండి వెనక్కి తిప్పుకుంటున్నట్టుంది, ఇంజను చప్పుడు కొంచెం దూరం జరిగింది.

డ్రైవరు వీధిగుమ్మం వైపు చూశాడు. గుమ్మం కుడి పక్క ఉంది. అక్కడ ఎవరూ లేరు. ఆఖరి గుండీ పెట్టుకుంటూ పెళ్ళాం దగ్గరగా వచ్చాడు.

"వెళ్ళి బండిలో కూర్చున్నట్టున్నాడు," అన్నాడు గొంతు తగ్గించి.

సూపర్‌వైజరు ఎక్కడికీ వెళ్ళలేదు. డ్రైవరు ఎడమ భుజానికి చెయ్యి చాస్తే అందేంత దూరంలో, బొమ్మ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏదో అనబోయాడు. చెకింగమ్మ చీర కుచ్చిళ్ళ పక్కన చెయ్యి కొద్దిగా పైకెత్తి, వద్దని సైగ చేసింది. గది గుమ్మంలో కూతురు గోడకు అంటుకుపోయింది.

"విను," అన్నాడు డ్రైవరు. "నువ్వన్నది నిజమే. వాడు వేళ్ళు చూపించాడే, ఆ చెయ్యి ఒక్కటే కనిపించింది. రెండో చెయ్యి ఎక్కడుందో నాకు తెలియలేదు. తల తిప్పేదాకా వాడి మొహం కూడా సగమే ఉంది."

"ఏవండీ..."

"చెప్పనీ. నాకూ భయంగానే ఉంది. నీకంటే ఎక్కువ భయంగా ఉంది. ఇంట్లో గోడలు కూడా ఎప్పుడు మాయమవుతాయో తెలియట్లేదు. కానీ వాడొచ్చి పిలిస్తే కాదనడం నా వల్ల కాలేదే. ఈ ఒక్క ట్రిప్పు తోలి వస్తా. అడుగడుగునా తల తిప్పి చూసుకుంటా. రాగానే నువ్వెక్కడికి తీసుకెళ్తే అక్కడికి వస్తా. వాడికి మాత్రం ఈ సంగతి చెప్పకు. చెప్పనని నా చేతిలో చెయ్యి వెయ్యి."

ఆయన అరచెయ్యి చాపాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి ఇలా బతిమాలడం ఆమె చూడలేదు. ఇంత నమ్మకంతో అడుగుతున్నవాణ్ణి ఇలా నిలబెట్టి పట్టించేస్తున్నానే అనుకుంది. అయినా ఆ చేతిలో చెయ్యి వేసింది.

"చెప్పను," అంది చెకింగమ్మ, ఆయన భుజం మీదుగా సూపర్‌వైజరు కళ్ళలోకి సూటిగా చూస్తూ.

సూపర్‌వైజరు ఆమె చూపు తప్పించి, తలవంచుకుని, మూడున్నరకి ఇంకెంత టైముందోనని చేతి గడియారం చూసుకున్నాడు.